మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్: నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ

ముందు తీర్పు చెప్పేద్దాం. నెలకు 400 యూనిట్లు దాటే ఇంటికి 3 కిలోవాట్ల సోలార్ ధైర్యంగా పెట్టించుకోవచ్చు. 300 దగ్గర తిరిగే ఇంటికి 2 కిలోవాట్లు చాలు, మూడోది దండగ. 150 యూనిట్ల లోపు బిల్లు వచ్చేవాళ్లు సొంత డబ్బు పెట్టి దీని జోలికి పోనక్కర్లేదు. అమ్మేవాళ్లు మాత్రం ముగ్గురికీ మూడు కిలోవాట్లే రాసిస్తున్నారు. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఆ సైజు దగ్గరే గరిష్ఠానికి చేరుతుంది మరి.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనూ, కావలిలోనూ, ఒంగోలు లాయర్‌పేటలోనూ పడే ఎండ ఒకటే. ప్యానెళ్లూ ఒకటే. అయినా తీర్పు ఇంటింటికీ మారడానికి కారణం మీటరు బిల్లు. సోలార్ ఒక దేశంలో ఎగబడి పెరిగి పక్క దేశంలో కదలకపోవడానికి కూడా చాలావరకు ఇదే కారణం. అందుకే ఈ రివ్యూలో అక్కడక్కడా జర్మనీ, పాకిస్తాన్, వియత్నాం వస్తాయి.

డబ్బుకి ఏం వస్తుంది

3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపే) సెట్ అంటే 540 వాట్ల చుట్టుపక్కల ప్యానెళ్లు ఆరు, సింగిల్ ఫేజ్ 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఒకటి, డీసీ, ఏసీ బాక్సులు, 4 స్క్వేర్ ఎంఎం డీసీ కేబుల్, ఇనుప స్టాండు, మెరుపు నుంచి కాపాడే అరెస్టర్, మూడు ఎర్త్‌లు, రెండు వైపులా లెక్కపెట్టే నెట్ మీటరు. ఒక్కో ప్యానెల్ సుమారు ఏడున్నర అడుగుల పొడవు, 3 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 30 కిలోల బరువు. మనిషి తిరిగే సందుతో కలిపి మిద్దె మీద 250 నుంచి 300 చదరపు అడుగులు నీడ పడని జాగా కావాలి.

ఇప్పుడు చెబుతున్న ధర 1.8 నుంచి 2.1 లక్షల మధ్య ఉంది. స్టాండు ఎత్తును బట్టి, ప్యానెల్ కంపెనీని బట్టి మారుతుంది. కేంద్రం సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా ఒక్క రూపాయి పెరగదు. సబ్సిడీ కావాలంటే ప్యానెల్ లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారైన డీసీఆర్ ప్యానెళ్లు వాడాలి. బయటి సెల్‌తో చేసిన వాటికంటే ఇవి వాట్‌కు సుమారు ఎనిమిది పది రూపాయలు ఎక్కువ. అంటే సబ్సిడీలో మూడో వంతుకు దగ్గరగా ఆ తేడాలోనే కరిగిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటు వేసిన కొటేషన్ చేతిలో పెడితే తిప్పి పంపండి.

ఉత్పత్తి కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు. ఏడాది మొత్తం మీద 3 కిలోవాట్లకు నెలకు 350 యూనిట్లు అనుకుంటే మోసపోరు. 450 వస్తాయని చెప్పేవాళ్లు మార్చి నెల స్క్రీన్‌షాట్ చూపించి అమ్ముతున్నారని అర్థం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంది కాబట్టి అప్పుడే ఎక్కువ పండుతుందనుకుంటే పొరపాటు. 43 డిగ్రీల మధ్యాహ్నం ప్యానెల్ లోపలి వేడి 65 నుంచి 70 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి పాత మోనో పెర్క్ ప్యానెల్ 0.35 శాతం, కొత్త టాప్‌కాన్ ప్యానెల్ 0.30 శాతం పవర్ కోల్పోతాయి. వేడి ఒక్కటే 12 నుంచి 16 శాతం తినేస్తుందన్నమాట. మన తీరానికి టాప్‌కాన్‌కి కొంచెం ఎక్కువ పెట్టడం సమంజసమే. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో కిలోవాట్‌కు రెండు యూనిట్లు రావడం కూడా కష్టమయ్యే రోజులుంటాయి. హైదరాబాద్‌కు వేసిన లెక్కను నెల్లూరుకు అతికిస్తే తేడా పడేది ఇక్కడే.

అసలు లెక్క శ్లాబులో ఉంది

మన ఇళ్ల కరెంటు రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ ఎప్పుడూ పై మెట్టు నుంచి కోస్తుంది. మొదట ఆగిపోయేవి ఖరీదైన యూనిట్లు, చివర్లో ఆగేవి చవక యూనిట్లు.

450 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఖర్చు ఒక్కటే 3,036 రూపాయలు. 350 సోలార్ నుంచి వస్తే మిగిలిన 100 యూనిట్లకు 304 చాలు. నెలకు 2,730 మిగులుతుంది. సబ్సిడీ పోను 1.17 లక్షల పెట్టుబడి మూడున్నరేళ్లలో వెనక్కి వస్తుంది.

300 యూనిట్ల ఇంటికి ఖర్చు 1,673. మూడు కిలోవాట్లు పెడితే మొత్తం ఆగిపోతుంది, పైగా 50 యూనిట్లు మిగులుతాయి. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు. అదే ఇంటికి రెండు కిలోవాట్లు పెడితే 1.4 లక్షల ధరలో 60,000 సబ్సిడీ పోను 80,000 పెట్టుబడి, నెలకు 233 యూనిట్లు. మిగిలిన 67 యూనిట్లకు కట్టేది 168 రూపాయలు. అంటే మూడో కిలోవాట్‌కు అదనంగా 37,000 పెట్టి నెలకు 168 రూపాయలు మిగుల్చుకుంటున్నారు. ఆ ఒక్క కిలోవాట్ తన ఖర్చు తాను రాబట్టుకోవడానికి పద్దెనిమిదేళ్లు. ఈ లెక్క ఏ కొటేషన్ కాగితంలోనూ కనిపించదు. వచ్చే ఏడాదే ఇంకో ఏసీ గాని, చార్జింగ్ పెట్టే స్కూటరు గాని వస్తుందని తెలిస్తే తప్ప 300 యూనిట్ల ఇంటికి రెండే సరి.

100 యూనిట్ల ఇంటి సంగతి చూడండి. బిల్లులో యూనిట్ల ఖర్చే 304. ఒక కిలోవాట్‌కు సబ్సిడీ పోను 45,000 పెట్టాలి. పన్నెండేళ్లు దాటితే గాని రాదు. ఈలోపు ఒకసారి ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా, బీసీలకు అదనపు సబ్సిడీతో పెట్టే పథకం ఉంది. అర్హత ఉన్నవాళ్లు అటే వెళ్లాలి. మిగతావాళ్లు ఆ డబ్బుతో పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటు తినే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేసుకుంటే త్వరగా లాభం కనిపిస్తుంది.

ఇదే లెక్కను దేశాలకు వేయండి. జర్మనీలో ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు వెయ్యి యూనిట్లు ఇస్తుంది, నెల్లూరులో 1,400. ఎండలో మనదే పైచేయి. అయినా 2025 మొదట్లో రెండు దేశాలూ ఇంచుమించు ఒకేసారి 100 గిగావాట్ల సోలార్ దాటాయి (గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు). వాళ్ల జనాభా ఎనిమిదిన్నర కోట్ల లోపు. అక్కడ ఇంటి యూనిట్ ధర మన డబ్బులో 30 రూపాయలకు పైనే. 2000లో వచ్చిన చట్టం 20 ఏళ్ల పాటు నిర్ణీత ధరకు కొంటామని హామీ ఇచ్చింది. 2004లో ఇంటి కప్పు మీద పండిన యూనిట్‌కు 57 యూరో సెంట్లు దాకా చెల్లించారు. ఇప్పుడు 8 సెంట్ల దగ్గరకు దిగింది, ఐనా జనం ఆగలేదు. అమ్మి సంపాదించడం పోయింది, 30 రూపాయల యూనిట్ కొనకుండా తప్పించుకోవడం మిగిలింది. బాల్కనీ కమ్మీలకు రెండు ప్యానెళ్లు తగిలించి ప్లగ్గులో గుచ్చే 800 వాట్ల సెట్లే అక్కడ పది లక్షలు దాటాయి.

దీనికి పూర్తి ఎదురు సౌదీ అరేబియా. మన కంటే మండే ఎండ. ఇంటి కరెంటు నెలకు 6,000 యూనిట్ల దాకా యూనిట్ 18 హలాలాలు, అంటే నాలుగు రూపాయల పైచిలుకు. ఎడారిలో ప్రభుత్వం పెట్టే భారీ ప్లాంట్లు తప్ప ఇంటి మీద ప్యానెల్ పెట్టాలన్న తొందర ఎవరికి ఉంటుంది? నార్వేలో కరెంటు దాదాపు మొత్తం జలవిద్యుత్తే. పునరుత్పాదక శక్తి పట్టికలో పై వరసలో ఉంటుంది, కప్పు మీద సోలార్ మాత్రం తక్కువే. దేశాల పట్టికలు చూసి మంచివాళ్లు, వెనకబడ్డవాళ్లు అని గీత గీసేవాళ్లు కొండలు, నదులు ఎవరికి ముందే ఉన్నాయో చూడరు.

సౌదీ దాకా వెళ్లనక్కర్లేదు. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం రొయ్యల చెరువుల గట్ల మీద ప్యానెళ్లు ఎందుకు కనపడవు? ఆక్వా జోన్‌లో అర్హత ఉన్న రైతుకు యూనిట్ రూపాయిన్నర. పొదిలి, దర్శి వైపు బోరు మోటారుకు పగటి పూట తొమ్మిది గంటలు ఉచితం. రేటు సున్నా అయిన చోట సోలార్ ఆదా చేసేది కూడా సున్నానే. రొయ్యల సాగులో ఇంకో చిక్కు ఉంది. ఏరేటర్లు గట్టిగా తిరగాల్సింది నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా. బ్యాటరీ లేని సోలార్ సరిగ్గా ఆ వేళకే పనికిరాదు.

ఇక పాకిస్తాన్. సబ్సిడీ గట్టిగా లేదు, ప్రభుత్వం ప్రోత్సహించిందీ పెద్దగా లేదు. 2021 తర్వాత కరెంటు రేట్లు ఎగబాకాయి, కోతలు పోలేదు, చైనా ప్యానెళ్ల ధర నేలకు దిగింది. 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి అయ్యాయి. మనం ఆ చవక ప్యానెళ్లు రాకుండా 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం కస్టమ్స్ సుంకం వేశాం, తర్వాత దాని రూపం మార్చాం. ఇక్కడ ఫ్యాక్టరీలు రావడానికి అది సాయపడింది, దాని ఖర్చు మిద్దె మీద పెట్టించుకునేవాడి మీద పడింది. రెండూ నిజమే.

పోర్టల్, కాగితాలు

నెల్లూరు జిల్లా వాళ్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, ప్రకాశం వాళ్లకు విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్. సూర్యఘర్ పోర్టల్‌లో ఇది తప్పు ఎంచుకుంటే సర్వీసు నంబరు దొరకదని చూపిస్తుంది. ఒంగోలు వాళ్లలో కొందరు పాత అలవాటు కొద్దీ ఎస్పీడీసీఎల్ నొక్కి ఇక్కడే ఆగిపోతారు.

వరస ఇదీ: మొబైల్ నంబరుతో రిజిస్ట్రేషన్, సర్వీసు నంబరుతో దరఖాస్తు, జాబితాలోని వెండర్‌ను ఎంచుకుని ఒప్పందం, బిగింపు, ఫొటోలు, ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఎక్కించడం, డిస్కం తనిఖీ, నెట్ మీటరు, కమిషనింగ్ రిపోర్టు, చివరగా బ్యాంకు వివరాలు ఇచ్చి సబ్సిడీకి అడగడం. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, ఆమోదించినట్టే లెక్క. 5 కిలోవాట్ల దాకా లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కం భరించాలి. ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, డబ్బు కట్టండి అని ఎవరైనా అంటే ఈ నిబంధన గుర్తు చేయండి.

పోర్టల్ బాగానే పనిచేస్తుంది. పని నిలిచిపోయేది దాదాపు ఎప్పుడూ పేరు దగ్గరే. ఇల్లు కొడుకుది, మీటరు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటుంది. లేదా మీటరులో ఇంటిపేరు ముందు, బ్యాంకు ఖాతాలో వెనక. సోలార్ బిగించాక పేరు మార్పుకు తిరిగితే సబ్సిడీ నెలల తరబడి ఆగుతుంది. కొటేషన్ అడగడానికి ముందే సర్వీసు పేరు, ఆధార్, పాస్‌బుక్కు మూడింటిలో పేరు ఒకేలా ఉందా చూసుకోవాలి. ఒక కిలోవాట్ లోడుతో తీసుకున్న పాత కనెక్షన్ అయితే లోడు పెంపు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

కాగితాల పని చిన్న విషయంగా కనిపిస్తుంది గాని దేశాల తేడాలో దీనిది పెద్ద వాటా. అమెరికాలో ఇంటి సోలార్ వాట్ ధర ఆస్ట్రేలియాలో కంటే రెండు మూడు రెట్లు. ప్యానెల్ ధర వల్ల కాదు. అక్కడ ప్రతి ఊరికీ వేరే అనుమతి, వేరే తనిఖీ, కొనేవాణ్ని వెతికి పట్టుకోవడానికి అయ్యే ఖర్చు. ఆస్ట్రేలియాలో అనుమతి సులువు, రాయితీని వెండరే క్లెయిం చేసుకుని బిల్లులో తగ్గించేస్తాడు. కొనేవాడు మిగిలింది కడితే చాలు. అక్కడ మూడు ఇళ్లలో ఒకదాని మీద ప్యానెళ్లు ఉండటానికి ఎండతో పాటు ఈ సుఖం కూడా కారణమే. మన పథకంలో మొత్తం ముందు కట్టాలి, 78,000 తర్వాత ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బు లేనివాడు ఆ మధ్య కాలాన్ని దాటలేక వెనక్కి తగ్గుతున్నాడు. పథకంలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే.

బిగింపు: నాణ్యత ఇక్కడే తేలిపోతుంది

పరికరాలకు అయిదులో నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. బిగించే పనికి మన జిల్లాల్లో సగటున రెండున్నరకు మించి ఇవ్వలేం.

మొదటి తప్పు స్టాండు. మిద్దె మీద బట్టలు, వడియాలు ఆరేసుకోవడానికి చోటు కావాలని అందరూ ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండు అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. గాలి మాట మరిచిపోతారు. కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నెల్లూరు తీరానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. ఆరు ప్యానెళ్ల వైశాల్యం పదిహేనున్నర చదరపు మీటర్లు. వాలు, ఎత్తు బట్టి కొంత అటూ ఇటూ అయినా, తుపాను గాలి ఆ కప్పును ఎగరేయడానికి పెట్టే బలం రెండు టన్నులకు పైమాటే. ప్యానెళ్లు, స్టాండు కలిపి బరువు 350 కిలోలు ఉంటే గొప్ప. నాలుగు కాళ్ల కింద చిన్న సిమెంటు దిమ్మెలు పెట్టి వదిలేసిన స్టాండు అంటే పక్కింటి మీద పడటానికి సిద్ధంగా ఉన్నట్టే. కాళ్లను స్లాబులోకి కెమికల్ యాంకర్ బోల్టులతో కట్టాలి, వీలైతే కింద బీము లేదా పిల్లర్ ఉన్న చోట. బోల్టు చుట్టూ వాటర్‌ప్రూఫ్ గ్రౌట్ వేసి, పైన దిమ్మె పోసి, దిమ్మె పై భాగం వాలుగా చెక్కాలి. చదునుగా వదిలితే నీళ్లు నిలిచి రెండో వానాకాలానికి స్లాబు కింద తేమ మచ్చ కనిపిస్తుంది. కాళ్ల మధ్య అడ్డంగా ఎక్స్ ఆకారంలో బ్రేసింగ్ లేకపోతే ఎత్తు స్టాండు ఊగుతుంది.

రెండోది ఉప్పు గాలి. మైపాడు, కోడూరు, కొత్తపట్నం, రామాయపట్నం చుట్టుపక్కల ఇళ్లకు హాట్‌డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత), అదీ 80 మైక్రాన్ల మందం తప్పనిసరి. చవక రకం జీఐ పైపు తెచ్చి మిద్దె మీదే కోసి వెల్డింగ్ చేసి వెండి రంగు పూస్తే, మొదట తుప్పు పట్టేది ఆ వెల్డింగ్ దగ్గరే. మిద్దె మీద వెల్డింగ్ మిషన్ కనిపిస్తే పని ఆపించండి. అన్నీ ముందే కోసి, రంధ్రాలు వేసి, పూత వేసి తెచ్చి స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాల్సినవి. ప్యానెల్ డేటాషీట్‌లో సాల్ట్ మిస్ట్ పరీక్ష ఐఈసీ 61701 ఉందో లేదో చూసుకోవాలి.

లోపలి మండలాల్లో బాధ వేరు. చీమకుర్తి క్వారీల చుట్టూ గ్రానైట్ పొడి ప్యానెల్ మీద పడి, రాత్రి మంచుకు తడిసి, పగలు ఆరి పేస్టులా అతుక్కుంటుంది. అక్కడ వారం వారం తుడవక తప్పదు. కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి ఉప్పు పొర గాజు మీద మిగులుతుంది, అది దుమ్ము కంటే మొండిది. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు వాడితే ఇంకా పాడు, అందులో ఉప్పు మరింత ఎక్కువ. పట్టి పెట్టుకున్న వాన నీళ్లు, లేకపోతే మంచినీళ్లు రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ ఉన్న పొడవాటి కర్ర చాలు. సబ్బు వద్దు. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మధ్యాహ్నం కాగిన గాజు మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే పగిలే ప్రమాదం ఉంది.

నీడ సంగతి వెండర్లు తేలిగ్గా తీసేస్తారు. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద పడిన నీడ మిగతావాటినీ లాగుతుంది. నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి, మొత్తం కాదు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పక్కింటి కొబ్బరి చెట్టు డిసెంబరు నెలలో ఎంత దూరం నీడ చాస్తాయో చూడాలి. సూర్యుడు దక్షిణానికి వాలిన నెల అది. మేలో వచ్చి కొలత తీసుకున్నవాడికి ఆ నీడ కనిపించదు. ప్యానెళ్లు దక్షిణానికి 12 నుంచి 15 డిగ్రీల వాలులో ఉండాలి. 10 డిగ్రీలకు తగ్గితే గాలికి మేలే గాని దుమ్ము కింది అంచున పేరుకుంటుంది.

ఎర్త్‌లు మూడు వేరువేరుగా ఉండాలి: అరెస్టర్‌కు ఒకటి, డీసీ వైపు స్టాండుకు ఒకటి, ఏసీ వైపు ఒకటి. రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు రావాలి. ఇసుక నేలలో, రాతి నేలలో ఒక్క రాడ్డుతో అది రాదు. మీటరు పెట్టి కొలిచి చూపించమనండి. రాడ్డు పాతి మట్టి కప్పేసి వెళ్లిపోయే పని చాలా చోట్ల జరుగుతోంది.

మధ్యాహ్నం ఆగిపోయే ఇన్వర్టర్

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. కొన్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి బిగించాకే తెలుస్తుంది. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ మిద్దె మీది కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆగాలి, అది రక్షణ. ఇంట్లో ఉన్న పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ను అలాగే ఉంచుకోండి, కోతల వేళ ఫ్యాన్లు, లైట్లు దాని మీదే నడుస్తాయి. బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ కావాలంటే ఇంకో లక్షకు తక్కువ కాదు, దానికి వేరే సబ్సిడీ లేదు. మన పట్టణాల్లో ఇప్పుడున్న కోతలకు ఆ ఖర్చు ఎక్కువ. దక్షిణాఫ్రికాలో 2022, 2023ల్లో రోజుకు గంటల తరబడి కోతలు పెట్టినప్పుడు జనం బ్యాటరీతో సహా కొన్నారు, వాళ్ల అవసరం అలాంటిది.

రెండో చిక్కు వోల్టేజి. వీధి చివరి ఇళ్లలో మధ్యాహ్నం ఒంటిగంటకు నాలుగైదు సోలార్ ఇళ్లు ఒకేసారి కరెంటు వదిలితే లైను వోల్టేజి 250 దాటుతుంది. 230కి పది శాతం పైన, 253 దగ్గర ఇన్వర్టర్ ఆగిపోవచ్చు. యాప్‌లో గ్రిడ్ ఓవర్ వోల్టేజి అని కనిపిస్తే తప్పు ప్యానెల్‌ది కాదు. ముందు ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా ఉన్న కేబుల్ చూడండి. 20 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో పూర్తి లోడు మీద నాలుగు వోల్టులు పెరుగుతుంది, 4 స్క్వేర్ ఎంఎం అయితే రెండున్నర లోపే. అది సరిచేసినా తగ్గకపోతే డిస్కంలో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి సర్దే ట్యాప్ తగ్గించమని అడగాలి.

ఇన్వర్టర్‌ను మిద్దె మీద ఎండలో తగిలించవద్దు. బయటికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నా, 45 డిగ్రీలు దాటితే చాలా ఇన్వర్టర్లు ఉత్పత్తి తగ్గించుకుంటాయి. మెట్ల కింద, గాలి ఆడే ఉత్తరపు గోడ సరైన చోటు. ఏసీ బాక్సులోకి కేబుల్ వచ్చే రంధ్రాలు గ్లాండుతో మూయకపోతే బల్లులు చేరి షార్ట్ చేస్తాయి.

నెట్ మీటరింగ్ ఎంతకాలం?

పైన వేసిన లెక్కలన్నీ ఒక షరతు మీద నిలబడ్డాయి: పగలు లైనుకిచ్చిన యూనిట్‌ను రాత్రి అదే విలువకు తీసుకోగలగడం. ఏ దేశంలోనైనా ఇది శాశ్వతం కాదని చరిత్ర చెబుతోంది. స్పెయిన్ 2015లో సొంత సోలార్ మీదే చార్జీ వేసి ఇళ్ల సోలార్‌ను ఆపేసింది, 2018 అక్టోబరులో ఎత్తేశాక మళ్లీ పెరిగింది. వియత్నాం యూనిట్‌కు 8.38 అమెరికా సెంట్లు ఇస్తామని 2020 డిసెంబరు 31 గడువు పెట్టింది. ఆ ఒక్క ఏడాదిలో కప్పుల మీద సుమారు 9 గిగావాట్లు వచ్చి పడ్డాయి, గడువు దాటాక దాదాపు ఆగిపోయింది. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్ నుంచి కొత్తవాళ్లకు అమ్మకం విలువను భారీగా కోసింది. నెదర్లాండ్స్‌లో నెట్ మీటరింగ్ 2027 జనవరి 1తో పోతుంది. సోలార్ ఎక్కువైన ప్రతి చోటా మధ్యాహ్నపు కరెంటు విలువ పడిపోతుంది, నియమం మారుతుంది.

మనకు ఆ రోజు ఇంకా రాలేదు. వచ్చినా దెబ్బ తక్కువ తగలాలంటే మిగులు ఎక్కువ ఉండే సైజు పెట్టకూడదు. మిగులు యూనిట్లు ముందుకు జమ అవుతాయి గాని, చివర్లో లెక్క తేల్చినప్పుడు డిస్కం ఇచ్చే రేటు మీరు కొనే పై శ్లాబు రేటు కంటే బాగా తక్కువ. మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, గ్రైండరు పగటికి మార్చుకుంటే నియమం ఏదైనా లాభమే.

అప్పు చేసి పెట్టించుకునేవాళ్లకు

సోలార్‌కు తర్వాత ఇంధనం ఖర్చు లేదు, ఖర్చంతా మొదటి రోజే. కాబట్టి వడ్డీయే దాని అసలు ధర. ఆఫ్రికా దేశాల్లో ఎండ కొల్లలుగా ఉన్నా ప్లాంట్లు తక్కువ ఉండటానికి అక్కడ పెట్టుబడి మీద వడ్డీ ధనిక దేశాల కంటే రెండు మూడు రెట్లు ఉండటం ఒక పెద్ద కారణం. బంగ్లాదేశ్‌లో 2003 నుంచి వాయిదాల మీద ఇచ్చిన చిన్న సోలార్ సెట్లు 40 లక్షలు దాటడానికి కూడా కారణం ఆ వాయిదాలే.

మన పథకంలో 3 కిలోవాట్ల దాకా ప్రభుత్వ బ్యాంకులు 7 శాతం లోపు వడ్డీకి, పూచీకత్తు లేకుండా, 10 శాతం మన వాటాతో రుణమిస్తున్నాయి. 1.95 లక్షల సెట్‌కు 19,500 మనం కట్టి, సబ్సిడీని రుణంలో జమ చేస్తే మిగిలేది 97,500. పదేళ్లకు నెలవారీ వాయిదా సుమారు 1,130. బిల్లులో మిగిలే 2,730 ముందు అది తేలిక. అదే 97,500 బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 1,950, అసలు ఒక్క రూపాయి తగ్గదు. 300 యూనిట్ల ఇంటికి ఆదా అయ్యేదాని కంటే వడ్డీయే ఎక్కువ. అలా మాత్రం పెట్టించుకోవద్దు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

వెండర్‌కు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఒప్పందం రోజు పది శాతం, సామాను మిద్దె మీదికి చేరాక అరవై, బిగించి ఎర్త్ కొలిచాక ఇరవై, నెట్ మీటరు తిరిగిన రోజు చివరి పది. ఆ చివరి పది శాతం చేతిలో ఉంటేనే మీటరు కోసం కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగే పని వెండర్ చేస్తాడు. పథకం కింద ఐదేళ్ల నిర్వహణ వెండర్ బాధ్యతే, దాన్ని ఒప్పందంలో రాయించుకోండి. చివరి చెల్లింపుకు ముందు ఎండ బాగా ఉన్న పదకొండింటికి ఇన్వర్టర్ తెర మీద డీసీ వోల్టేజి చూడండి. ఆరు ప్యానెళ్లకు 230 నుంచి 260 మధ్య ఉండాలి. 40 వోల్టులు తక్కువ చూపిస్తే ఒక ప్యానెల్ కలపలేదన్నమాట. ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. వేరువేరు కంపెనీలవి గుచ్చితే పట్టినట్టే ఉంటాయి గాని, వేడికి కరిగి మంటలు లేచేది అక్కడే. ప్యానెళ్ల వెనక సీరియల్ నంబర్లు ఆరూ ఫొటో తీసుకుని డీసీఆర్ సర్టిఫికెట్‌తో సరిపోల్చుకోండి. స్టాండు ఎక్కించాక ఆ నంబర్లు చూడటం కష్టం, కిందే తీసుకోవాలి. మొదటి బిల్లు వచ్చినప్పుడు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అంకెలు విడివిడిగా ఉన్నాయా చూడండి. రెండూ కూడి రాసిన బిల్లు వస్తే అదే వారం సెక్షన్ ఆఫీసులో ఏఈకి మీటరు ఫొటోతో దరఖాస్తు ఇవ్వాలి, ఆలస్యమైతే పాత నెలల సవరణ మరింత సాగుతుంది.